రోగి పక్కనున్న చేతికే అధికారం

ప్రభుత్వ వైద్యంలో కొత్తదనం అనగానే మనకు రిబ్బన్ కత్తిరింపులే గుర్తొస్తాయి. కోట్లు పోసి తెచ్చిన స్కానింగ్ యంత్రం, సెల్‌ఫోన్‌లోకి దించిన కొత్త యాప్, సమీక్షా సమావేశంలో మెరిసే డ్యాష్‌బోర్డు. వీటి అవసరం లేదని ఎవరూ అనరు. కానీ గత యాభై ఏళ్లలో పేదల ప్రాణాలను లక్షల సంఖ్యలో నిలబెట్టిన మార్పులను ఒక్కొక్కటిగా విప్పి చూస్తే, యంత్రాల పాత్ర చాలా తక్కువని తేలుతుంది. దాదాపు ప్రతి సందర్భంలోనూ జరిగింది ఒకటే. అప్పటిదాకా పైవారికి మాత్రమే ఉన్న ఒక అధికారం రోగికి మరింత దగ్గరగా ఉన్న మనిషి చేతికి వచ్చింది. డాక్టరు నుంచి నర్సుకు, నర్సు నుంచి ఏఎన్‌ఎంకు, అక్కడి నుంచి ఊళ్లోనే ఉండే ఆరోగ్య కార్యకర్తకు, కొన్నిసార్లు నేరుగా తల్లికి. ఆ బదిలీ శిక్షణతో, పక్కా లెక్కతో జరిగినచోట మరణాలు తగ్గాయి. పనిని కిందికి తోసి అధికారాన్ని పైనే అట్టిపెట్టుకున్నచోట రిజిస్టర్లు మాత్రం పెరిగాయి. మన రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్యశాఖలు ఈ తేడాను గుర్తించాల్సిన సమయం వచ్చింది.

1971 నాటి బంగ్లాదేశ్ యుద్ధకాలాన్నే తీసుకోండి. సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్‌లోకి వచ్చిన శరణార్థుల్లో కలరా విరుచుకుపడింది. బొంగావ్ ఆసుపత్రిలో మంచాలు చాలక రోగులు నేల మీదే పడి ఉన్నారు. సెలైన్ సీసాలు అడుగంటాయి, ఎక్కించే చేతులూ చాల్లేదు. అక్కడ పనిచేస్తున్న పిల్లల వైద్యుడు దిలీప్ మహలనబీస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున పొట్లాలు కట్టించి డ్రమ్ముల్లో కలిపించారు. ఆ ద్రావణం ఆయన కనిపెట్టింది కాదు. గ్లూకోజు తోడైతే పేగులు ఉప్పునూ నీటినీ పీల్చుకుంటాయన్న సంగతి అప్పటికే తెలుసు. 1968లో ఢాకాలో కలరా రోగుల మీద పరీక్షించారు కూడా. అయితే అది శిక్షణ ఉన్న సిబ్బంది వార్డులో కొలిచి ఇవ్వాల్సిన వైద్యమని అందరి నమ్మకం. మహలనబీస్ తెంచింది ఆ ముడినే. తాగించే బాధ్యతను ఆయన రోగుల బంధువులకు అప్పగించారు. తల్లులు, అన్నదమ్ములు గ్లాసులతో వచ్చి డ్రమ్ముల దగ్గర పట్టుకెళ్లి తాగించారు. శిబిరాల్లో 30 శాతం దాకా ఉన్న మరణాలు, ఈ పద్ధతిలో చికిత్స పొందిన మూడు వేల మందికి పైగా రోగుల్లో 3.6 శాతానికి దిగాయి. 1980 తర్వాత బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ ఇదే తర్కాన్ని ఇంకో మెట్టు కిందికి దించింది. దాని కార్యకర్తలు కోటికి పైగా ఇళ్లకు వెళ్లి, చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లంతో ద్రావణం కలపడం తల్లులకు నేర్పారు. ఆ తల్లులకు ఎంతవరకు గుర్తుందో పరీక్షించాకే కార్యకర్తకు డబ్బు చెల్లించారు. అధికారం తల్లికి వెళ్లింది, లెక్క మాత్రం ఎవరూ వదల్లేదు.

మనకు ఇంకా దగ్గరగా, ప్రాణహిత అవతలి ఒడ్డున, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా ఉంది. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు స్థాపించిన సెర్చ్ సంస్థకు ఎదురైన చిక్కు విచిత్రమైనది. పసిబిడ్డకు నిమోనియా వచ్చిందో లేదో తేల్చడానికి నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టాలి. ఊళ్లలో కాన్పులు చేసే మంత్రసానులకు అంత పెద్ద అంకెలు లెక్కపెట్టడం రాదు, చేతికి గడియారమూ లేదు. అందుకని ఒక చెక్కకు నిమిషంలో జారిపోయే ఇసుక గడియారం, దాని పక్కన రెండు వరుసల పూసలు అమర్చారు. రెండు నెలల లోపు పసికందుకు ఒక వరుస, పెద్ద పిల్లలకు ఇంకోటి. పది ఊపిరులకు ఒక పూసను పక్కకు జరపాలి. ఇసుక అయిపోయేలోపు ఎర్ర పూస దాకా వస్తే అది నిమోనియా. అక్షరం రాని మహిళ చేతికి రోగ నిర్ధారణ చేసే అధికారం ఈ పూసల ద్వారా వచ్చింది. తర్వాత 39 గ్రామాల్లో ఎంపిక చేసిన మహిళలకు శిక్షణ ఇచ్చి, పుట్టిన బిడ్డను ఇంటికి వెళ్లి చూడటం, బరువు తూచడం, వెచ్చగా ఉంచడం, ఊపిరి అందని బిడ్డకు ఊపిరి పోయడం నేర్పారు. రక్తంలో ఇన్‌ఫెక్షన్ లక్షణాలు కనిపిస్తే జెంటామైసిన్ ఇంజెక్షన్ ఇచ్చే బాధ్యతను కూడా వారికే అప్పగించారు. ఈ సేవలు లేని పక్క ఊళ్లతో పోల్చి లెక్కగట్టారు. మూడో ఏడాదికి నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. 1999లో లాన్సెట్ పత్రిక ఆ ఫలితాలను ప్రచురించింది.

ఆ తర్వాత జరిగిందే మనం గమనించాల్సిన అసలు సంగతి. 2011లో కేంద్ర ప్రభుత్వం గడ్చిరోలి నమూనాను దేశవ్యాప్తంగా ఆశా కార్యకర్తల విధుల్లో చేర్చింది. ఆసుపత్రిలో కాన్పు అయితే మూడో రోజు నుంచి నలభై రెండో రోజు దాకా ఆరుసార్లు ఇంటికి వెళ్లి బిడ్డను చూడాలి. ఆ ఆరు సందర్శనలకూ కలిపి ప్రోత్సాహకం 250 రూపాయలు, అంటే ఒక్కోదానికి 42 రూపాయలు కూడా పడదు. ఇంటింటికీ తిరిగే పని వచ్చింది, ప్రాణం కాపాడే ఇంజెక్షన్ అధికారం రాలేదు. ప్రత్యేక పరిస్థితుల్లో జెంటామైసిన్ ఇచ్చేందుకు 2014లో ఏఎన్‌ఎంలకు అనుమతి దక్కింది, ఆశాలకు మాత్రం 'రిఫర్ చేయడం' ఒక్కటే మిగిలింది. జ్వరంతో, పాలు తాగక వాడిపోయిన పసికందును చూసిన కార్యకర్త, ఆటో కోసం, అంబులెన్సు కోసం ఎదురుచూడమని చెప్పి రిజిస్టరులో రాసుకోవాలి. గడ్చిరోలిలో మరణాలు తగ్గడానికి కారణమైన భాగాలన్నిటినీ తీసుకోకుండా, చవకగా వచ్చే భాగాన్ని తీసుకుని, అదే ఫలితం రావాలని ఆశించడం న్యాయం కాదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఆశా కార్యకర్తలకు గ్లోబల్ హెల్త్ లీడర్స్ పురస్కారం ప్రకటించినప్పుడు నాయకులంతా అభినందనలు గుప్పించారు. శాలువాలు కప్పడంలో మనకు సాటి లేరు. చేతికి మందు ఇవ్వాల్సి వచ్చేసరికే వెనకాడతాం.

కాన్పు తర్వాత రక్తస్రావం విషయంలోనూ ఇదే పాఠం. బాలింతల మరణాలకు మొదటి నుంచీ పెద్ద కారణం ఇదే. ఎంత రక్తం పోతోందో కంటితో చూసి అంచనా వేయడం మనకు అలవాటు, ఆ అంచనా తప్పడం అంతకంటే అలవాటు. కర్ణాటకలోని బెళగావిలో మెడికల్ కాలేజీ వైద్యులు, విదేశీ సహచరులతో కలిసి, కాన్పు అయిన వెంటనే తల్లి నడుము కింద పరిచే ఒక ప్లాస్టిక్ షీటును రూపొందించారు. దాని కొస గరాటులా సన్నబడి, కొలత గీతలున్న సంచిలోకి దిగుతుంది. ఎన్ని మిల్లీలీటర్ల రక్తం పోయిందో గీత చూసి చెప్పవచ్చు. అక్కడి పీహెచ్‌సీల పరిధిలో ఏఎన్‌ఎంలు చేసిన 1,620 కాన్పుల్లో, సగం మందికి మిసోప్రోస్టాల్ మాత్రలు, మిగతా సగానికి మందు లేని ఉత్త మాత్రలు ఇచ్చి చూశారు. రక్తస్రావం 12 శాతం నుంచి 6.4 శాతానికి తగ్గినట్టు 2006లో ఫలితాలు వెలువడ్డాయి. ఫ్రిజ్ అక్కర్లేని మాత్ర, ప్లాస్టిక్ సంచి, వాటిని వాడే అధికారమున్న ఏఎన్‌ఎం. ఇంతకు మించి అందులో ఏమీ లేదు. 2023లో కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా దేశాల్లోని 80 ఆసుపత్రుల్లో జరిగిన ఈ-మోటివ్ అధ్యయనం ఇలాంటి కొలత షీటునే వాడింది. పాత పద్ధతిలో సగం రక్తస్రావాలే గుర్తింపునకు వస్తే, షీటు పరిచినచోట 93 శాతం దొరికాయి. గుర్తించిన వెంటనే గర్భాశయాన్ని మర్దన చేయడం, మందులు, సెలైన్ ఎక్కించడం, పరీక్షించి చూడటం ఒకదాని తర్వాత ఒకటి కాకుండా ఒకేసారి మొదలయ్యాయి. ఎక్కువచోట్ల ఆ పని చేసింది మిడ్‌వైఫ్‌లే. తీవ్ర రక్తస్రావం, దాని వల్ల పొట్ట కోయాల్సి రావడం, మరణం కలిపి 4.3 శాతం నుంచి 1.6 శాతానికి పడిపోయాయి.

ఇక్కడే ఒక అభ్యంతరం వస్తుంది. ఇవన్నీ పేదలకు పడేసే చవక వైద్యమనీ, ఉన్నవాళ్లకు ఇంక్యుబేటర్లు, లేనివాళ్లకు ఉప్పూ బెల్లమా అనీ అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. దీనికి సరైన జవాబు కంగారూ పద్ధతి ఇచ్చింది. 1970ల చివర్లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, ఉన్నవాటిలో ఇద్దరేసి బిడ్డలను పెట్టి ఇన్‌ఫెక్షన్లు పెరిగిపోతున్నప్పుడు, ఎడ్గార్ రే అనే వైద్యుడు నెల తక్కువ బిడ్డలను తల్లి గుండెలకు హత్తించి ఉంచే పద్ధతి మొదలుపెట్టారు. యంత్రం లేక పుట్టిన ఉపాయం కాబట్టి, యంత్రాలు వచ్చాక ఇది పోతుందని చాలామంది అనుకున్నారు. పోలేదు. ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో పాటు ఘనా, మలావి, నైజీరియా, టాంజానియా ఆసుపత్రుల్లో, కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న 3,211 మంది బిడ్డల మీద జరిగిన పరిశోధన ఫలితాలు 2021లో వచ్చాయి. బిడ్డ స్థితి కుదుటపడే దాకా ఆగకుండా, పుట్టిన వెంటనే తల్లి ఒంటికి ఆనించి ఉంచితే నెలలోపు మరణాలు పావు వంతు తగ్గాయి. మేలు స్పష్టంగా కనిపించడంతో పరిశోధనను ముందే ఆపేశారు. రెండు వర్గాల బిడ్డలకూ ఐసీయూ వైద్యం అందుతున్న ఆసుపత్రులివి. అంటే, యంత్రం ఉన్నచోట కూడా తల్లి ఉంటేనే బిడ్డకు మేలు. మరుసటి ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సిఫారసును మార్చింది. అయినా మన నవజాత శిశు విభాగాల్లో చాలాచోట్ల తల్లి ఇంకా గాజు తలుపు బయటే ఉంది. ఆమెకు లోపల ఒక మంచం వేయడానికి కొత్త సాంకేతికత అక్కర్లేదు. వార్డు తలుపు తీసే నిర్ణయం కావాలి.

అధికారం మారకుండా పద్ధతి మాత్రం మారితే ఏమవుతుందో కూడా ఆధారాలున్నాయి. ఆపరేషన్ థియేటర్లో సరిచూడాల్సిన అంశాల పట్టికను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో పరీక్షించినప్పుడు, మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గినట్టు 2009లో వెల్లడైంది. రోగి పేరేంటి, ఏ వైపు కోయాలి, యాంటీబయోటిక్ ఇచ్చారా, లెక్కకు దూది, సూదులు సరిపోయాయా వంటి మామూలు ప్రశ్నలే. అందులో ఉన్న మలుపు ఏమిటంటే, జవాబు రాకపోతే నర్సు సర్జన్‌ను ఆపవచ్చు. కెనడాలోని అంటారియో రాష్ట్రం దీన్ని చూసి అన్ని ఆసుపత్రులకూ పట్టికను తప్పనిసరి చేసింది. 101 ఆసుపత్రుల లెక్కలు తీస్తే, అమలు 90 శాతం దాటిందని నివేదికలు చెప్పాయి. మరణాలు మాత్రం చెప్పుకోదగినంత తగ్గలేదని 2014లో తేలింది. ఆ వైఫల్యానికి కారణాలపై వాదనలు ఇంకా నడుస్తున్నా, టిక్కులు పెట్టడం వేరు, ఆపగలగడం వేరు అన్న వివరణే నాకు సబబుగా కనిపిస్తోంది. ఉత్తర్వులతో పద్ధతులను పుట్టించవచ్చు గానీ, నర్సు నోట మాట పుట్టించలేం. జీవోల మీద జీవోలు ఇచ్చే మన పరిపాలనకు ఇది గట్టి హెచ్చరిక.

మన గడ్డ మీదే ఈ వాదనకు పరీక్ష జరుగుతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. దేశ సగటు 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. ప్రైవేటు ఆసుపత్రులది పెద్ద వాటా అయినా, తెలంగాణ ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ అది 44.5 శాతం ఉంది. దీనికి విరుగుడుగా 2017లో కరీంనగర్‌లో, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ సహకారంతో, ప్రభుత్వ నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. మరుసటి ఏడాది కేంద్రం ప్రకటించిన జాతీయ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలకు ముందే తెలంగాణ ఈ అడుగు వేసింది. సాధారణ కాన్పును మొదటి నుంచి చివరి దాకా తన బాధ్యతగా నడపగల, నొప్పుల సమయంలో తల్లి పక్కనే ఉండి ధైర్యం చెప్పగల, ప్రమాదం పసిగట్టి డాక్టరును పిలవగల నిపుణురాలిని తయారు చేయడం దాని ఉద్దేశం. శిక్షణ పూర్తయిన నర్సును లేబర్ రూములో స్వతంత్రంగా పనిచేయనిస్తే ఆ పెట్టుబడి నిలుస్తుంది. మర్నాడు మెడికల్ వార్డు డ్యూటీకి తిప్పితే, లేదా ప్రతి కాన్పుకూ డాక్టరు సంతకం కోసం నిలబెడితే, పద్దెనిమిది నెలల చదువు సర్టిఫికెట్‌గా మిగిలిపోతుంది. ఆసుపత్రిలోనే 97 శాతం కాన్పులు జరుగుతున్న రాష్ట్రంలో ఇక ప్రశ్న కాన్పు ఎక్కడ జరుగుతోందన్నది కాదు. ఎవరి చేతిలో, ఎంత ఓపికగా జరుగుతోందన్నదే.

ఇక బలమైన అభ్యంతరానికి వద్దాం. అధికారాన్ని కిందికి దించడమంటే మరో దొంగ వైద్యానికి తలుపు తీయడమేనని చాలామంది వైద్యుల భయం. ఊరూరా ఆర్‌ఎంపీలు అడ్డదిడ్డంగా యాంటీబయోటిక్‌లు, స్టెరాయిడ్లు గుచ్చుతున్న రాష్ట్రాల్లో ఆ భయం అర్థం చేసుకోదగినదే. కానీ పైన చెప్పిన ఉదాహరణలకూ ఆర్‌ఎంపీకీ మధ్య తేడా డిగ్రీలో లేదు, జవాబుదారీలో ఉంది. గడ్చిరోలి కార్యకర్త ఏ లక్షణాలుంటే ఇంజెక్షన్ ఇవ్వాలో రాసిపెట్టిన నియమం ఉంది. ఆమె ఇచ్చిన ప్రతి డోసునూ, ఆ బిడ్డ బతికిందో లేదో అన్న సంగతినీ వేరొకరు సరిచూశారు. బెళగావి ఏఎన్‌ఎంల చేతిలో ఉన్నది ఒకే మందు, ఒకే మోతాదు, ఒకే సందర్భం. ఆర్‌ఎంపీ ఇచ్చిన ఇంజెక్షన్‌కు ఫలితం ఏమైందో లెక్క రాసేవారు ఎవరూ లేరు. కాబట్టి కోరుతున్నది అదుపు లేని స్వేచ్ఛ కాదు. ఒక్కో పనికి ఒక్కో అనుమతి, దానికి శిక్షణ, దానికి లెక్క, ఫలితం చెడితే వెంటనే వెనక్కి తీసుకునే ఏర్పాటు. నిజానికి ఇంత కట్టుదిట్టం మన పెద్దాసుపత్రుల్లో చాలా పనులకు లేదు.

ఇంకో అభ్యంతరం సిబ్బంది వైపు నుంచే వస్తుంది, అందులో నిజం ఎక్కువ. కొత్త బాధ్యత అంటే కొత్త యాప్, కొత్త ఫొటో, కొత్త టార్గెట్ అని ఏఎన్‌ఎంలు, ఆశాలు అనుభవంతో చెబుతున్నారు. రెండు రాష్ట్రాల్లోనూ వారి ధర్నాల్లో జీతాలతో పాటు ఆన్‌లైన్ నమోదుల భారం డిమాండ్‌గా వినిపిస్తూనే ఉంది. ఖాళీలు నింపకుండా, గౌరవ వేతనం పేరుతో సరిపెడుతూ, ఆవిష్కరణ అనే అందమైన మాట కింద చాకిరీ పెంచితే దాన్ని వ్యతిరేకించాల్సిందే. సఫ్దర్‌జంగ్‌లో తల్లులను లోపలికి తేవడానికి మంచాలు, స్థలం, అదనపు నర్సింగ్ సేవలు కావాల్సి వచ్చింది. అది ఖర్చు తగ్గించే పథకం కాదు, ఖర్చును సరైనచోట పెట్టే పథకం. అందుకే ఒక చిన్న నియమం పెట్టుకోవాలి. కింది సిబ్బందికి ఒక కొత్త పని అప్పగించే ప్రతి ఉత్తర్వులోనూ, దానికి బదులు ఏ రిజిస్టరు, ఏ నమోదు రద్దవుతోందో, ఎంత అదనపు వేతనం వస్తుందో స్పష్టంగా రాయాలి. ఆ రెండు వాక్యాలు లేని ఉత్తర్వు మీద ఎవరూ సంతకం పెట్టకూడదు.

మూడో భయం నిందకు సంబంధించినది. ఆసుపత్రిలో మరణం జరిగితే, టీవీ కెమెరాలు వచ్చేలోపు ఎవరినో ఒకరిని సస్పెండ్ చేయడం మన ఆనవాయితీ. ఆ వేటు తరచుగా డ్యూటీ నర్సు మీదే పడుతుంది. ఇలాంటి వాతావరణంలో ఎవరు కొత్తగా ఆలోచిస్తారు? రిఫర్ చీటీ రాసి పెద్దాసుపత్రికి పంపడమే అందరికీ క్షేమం. దారిలో అంబులెన్సులో ప్రాణం పోతే అది ఎవరి ఖాతాలోనూ పడదు. రాతపూర్వకమైన ప్రామాణిక సూచనలను పాటించి, సద్భావంతో చికిత్స చేసిన సిబ్బందికి శాఖాపరమైన రక్షణ ఇవ్వకుండా చొరవ చూపమనడం మోసం. మాతృ మరణాల సమీక్ష ఇప్పటికే మన వ్యవస్థలో ఉంది. అది దోషిని వెతికే పంచాయితీగా కాక, ఏ మెట్టు దగ్గర ఆలస్యమైందో తేల్చి దాన్ని సరిచేసే పనిగా మారాలి.

ఇందులో పెద్ద బడ్జెట్లు అడిగేవి తక్కువ. రెండు రాష్ట్రాల్లోనూ జిల్లాలకు మెడికల్ కాలేజీలు వచ్చాయి. ప్రతి కాలేజీలో సామాజిక వైద్య విభాగం ఉంటుంది. పీహెచ్‌సీ నర్సో, ఏఎన్‌ఎమ్మో ఒక మార్పును సూచిస్తే, దాన్ని కొన్ని చోట్ల ఆరు నెలలు నడిపి, మిగతా చోట్లతో పోల్చి ఫలితం తేల్చే బాధ్యత ఆ విభాగానికి ఇవ్వాలి. పనిచేస్తే సూచించినవారి పేరుతోనే జిల్లా అంతటా అమలు చేయాలి, పనిచేయకపోతే ఎవరినీ తప్పుపట్టకుండా ఆపేయాలి. కొలత షీటు, మందులు ప్రతి లేబర్ రూముకూ చేరాలి, రక్తస్రావం గీత దాటగానే డాక్టరు కోసం ఆగకుండా నర్సు మొదలుపెట్టాల్సిన చికిత్స గోడ మీద రాసి ఉండాలి. నవజాత శిశు విభాగాల్లో తల్లికి మంచం ఉండాలి. శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌ను లేబర్ రూము నుంచి కదిలించకూడదు. వీటిలో ఏ ఒక్కటీ ప్రపంచం ఇంకా పరీక్షించని వింత కాదు. ఆధారాలు ఉన్నాయి, మనుషులూ ఉన్నారు. లేనిది ఆ మనుషుల మీద నమ్మకం. తదుపరి బడ్జెట్‌లో ఎన్ని యంత్రాలు కొన్నారన్నది మంత్రులు చెబుతారు. కింది సిబ్బందికి ఏయే అధికారాలు ఇచ్చారో, దాని వల్ల ఎన్ని ప్రాణాలు నిలిచాయో లెక్క చెప్పమని మనం అడగాలి.